తారీఖు ఉన్న చిట్టీ

మనిషి లేని గదిలో ఫ్యాను తిరుగుతుంటే ఎల్లన్నకు అన్నం సహించదు. కంచం ముందునుంచి లేచి వెళ్లి, దాన్ని ఆపి వచ్చి, అప్పుడు రెండో ముద్ద పెట్టుకుంటాడు. పక్కింటి వాకిట్లో నల్లా కారుతుంటే గోడ మీదినుంచి కేకేసి మరీ కట్టేయిస్తాడు. బాన్సువాడలో వాళ్ల వీధివాళ్లంతా దీనికి అలవాటు పడిపోయారు. ముప్పై మూడేళ్లు కాలువ మీద లష్కరుగా చేసిన మనిషాయె. నిజాంసాగర్ నుంచి వచ్చే నీళ్లు ఏ తూము కింద ఎన్ని రోజులు పారాలో, ఏ రోజు ఆగాలో చూసుకుని గేటు ఎత్తడం, దించడం లష్కరు పని. వాడేవాడు లేనప్పుడు నీళ్లు పారితే అది ఎవరో ఒకరి నోటి దగ్గరి కూడు పోయినట్టేనని ఎల్లన్న లెక్క. రిటైరై మూడేళ్లయినా ఆ లెక్క మారలేదు. గేట్లు లేవు కాబట్టి స్విచ్చుల మీద పడ్డాడు, అంతే.

ఎల్లన్న దగ్గర ఒక కథ ఉంది. చాయ్ తాగించినా చెబుతాడు, తాగించకపోయినా చెబుతాడు. ఇరవై ఏడేళ్ల కిందటి మాట. ఆ యాసంగి పంటకు నీళ్లు తక్కువ, వంతులేసి విడుస్తున్నారు. ఒక తెల్లారి చూస్తే ఎల్లన్న మూసి వెళ్లిన తూము బార్లా తెరిచి ఉంది. చివరి పొలాలవాళ్లు ఎండిన నారు చేత్తో పట్టుకుని వచ్చి గట్టు మీద నిలబడ్డారు. పై ఆఫీసరు జీపు దిగి, తెరిచింది ఎవరని అడిగాడు. తెరిపించింది హరనాథబాబు. కోస్తా వైపునుంచి వచ్చి కాలువ కింద పొలాలు కొని స్థిరపడిన కుటుంబం ఆయనది, మాట మర్యాద తెలిసిన మనిషి. ఆ పొద్దు ఆయన కూడా అక్కడే గొడుగు పట్టుకుని నిలబడి ఉన్నాడు. ఎల్లన్న ఆయన ముఖం వైపే చూశాడు. ఆయన తన చెప్పుల వైపు చూసుకున్నాడు. అంతే, ఎల్లన్నను మూడు నెలలు పనిలోంచి ఆపేశారు.

మూడు వారాలకు హరనాథబాబు పాలేరు ఎడ్లబండి మీద ఒక బియ్యం బస్తా తెచ్చి ఇంటి ముందు దించాడు. ఎల్లన్న భార్య లింగవ్వకు అప్పుడు ఐదో నెల. ఇంట్లో బియ్యం గింజ లేదు. అయినా ఎల్లన్న ఆ బస్తాను తన చేత్తోనే మళ్లీ బండెక్కించి, “మీ బాబుకు చెప్పు, నాకు బియ్యం అద్దు, మాట కావాలె” అన్నాడు. ఆ మాట మాత్రం ఇప్పటిదాకా రాలేదు. ఈ చివరి ముక్క చెప్పేటప్పుడు ఎల్లన్న గొంతు కొంచెం పెరుగుతుంది, వినేవాళ్లు తలలూపుతారు. నిజం చెప్పాలంటే ఆ మనిషి పరువంతా ఆ ఒక్క కథ మీదే నిలబడి ఉంది.

ఆ ఐదో నెల కడుపులో ఉన్న పిల్లే ప్రవళిక. నిజామాబాద్‌లో చదువుకుని, ఇప్పుడు హైదరాబాద్ కంపెనీ ఒకదానికి ఇంట్లోనే కూర్చుని పనిచేస్తుంది. ముందుగదిలో కిటికీ పక్కన బల్ల, బల్ల మీద కంప్యూటరు. అది వచ్చిన రోజునుంచి తండ్రికీ కూతురికీ ఒకటే పంచాయితీ.

“తినపోయినవ్ గదా, అదెందుకు నడుస్తుంది?” అనేవాడు ఎల్లన్న.

“నడుస్తలేదు బాపూ, నిద్రవోయింది. తిని రాంగనే లేపుత.”

“నిద్రవోయినదానికి కన్నెందుకు మిణుకుమంటుంది?”

“అయ్యో, అది లైటు. గంటకోసారి బంద్ చేసి మళ్ల తెరుసుడంటే నా పనెప్పుడు కావాలె? పండుకునేటప్పుడు చేస్తున్న గదా!”

చివరికి ఒక ఒప్పందానికి వచ్చారు. పని అయిపోయాక రాత్రిపూట బంద్ చేయాలి. పగలు తిండికో, చాయ్‌కో లేచినప్పుడు దాన్ని నిద్రపోనివ్వవచ్చు. ప్రవళిక ఇంట్లో లేకుండా అది నడవాల్సి వస్తే మాత్రం చిట్టీ అంటించి పోవాలి. ఈ చిట్టీ షరతు ఎల్లన్నదే. కాలువ మీద అంతా చిట్టీలతోనే నడిచేది. ఏ తూము, ఎంత ఎత్తు, ఏ తారీఖు దాకా అని రాసి పైనుంచి పంపేవారు. “తారీఖు లేని చిట్టీ చెల్లది బిడ్డా. పాతదో కొత్తదో ఎట్ల తెలుస్తది? గసొంటిది చూస్తే లష్కరు గేటు మూసుడే” అని కూతురికి పాఠం కూడా చెప్పాడు. ప్రవళిక నవ్వి, సరేలే అంది.

కార్తీకం దాటిన ఒక ఆదివారం. మద్నూర్‌లో చుట్టాల పాపకు తొట్టెల వేసి పేరు పెడుతున్నారంటే తల్లీ కూతుళ్లు పొద్దున్నే బయల్దేరి వెళ్లారు. ఎల్లన్న అప్పటికే పొలం దగ్గరికి వెళ్లిపోయాడు. అతనికి తెలియనిది ఏమిటంటే, శనివారం రాత్రి అతను పడుకున్నప్పటి నుంచి కంప్యూటరు ఒక్కటే పనిచేస్తోంది. పాత రిజిస్టర్ల ఫొటోలు కొన్ని వేలు. ఒక్కో పేజీ చదువుకుంటూ దాన్ని అక్షరాల్లోకి మార్చుకుంటూ పోవాలి. మధ్యలో ఆగితే మళ్లీ మొదటి పేజీనుంచే. సోమవారం పది గంటలకల్లా అప్పగించాలి.

మిట్టమధ్యాహ్నం ఎల్లన్న ఇంటికొచ్చి, కాళ్లు కడుక్కుని, లింగవ్వ మూతపెట్టి వెళ్లిన జొన్నరొట్టెలు తిన్నాడు. ఇల్లంతా నిశ్శబ్దం. ఆ నిశ్శబ్దంలో ముందుగదిలోంచి సన్నగా గుర్రుమంటూ చప్పుడు. వెళ్లి చూశాడు. తెర నల్లగా ఉంది. కింద పెట్టెలో ఫ్యాను తిరుగుతోంది, లైటు మిణుకుమంటోంది. తెర మీద అంటించిన చిట్టీలో ఎర్ర స్కెచ్ పెన్నుతో పెద్ద అక్షరాలు, “బంద్ చెయ్యొద్దు.” తారీఖు కోసం చూశాడు. లేదు. మొన్న మంగళవారం కూడా ఇలాంటి ఎర్ర చిట్టీయే అంటించింది. అదే ఇది, పీకేయడం మరిచిపోయిందని తేల్చుకున్నాడు. ఈ కాలం పిల్లలకు ఏదీ పట్టదని గొణుక్కున్నాడు కూడా. గోడకున్న స్విచ్చు మీద చెయ్యి వేసి, గేటు చివరి మర తిప్పినంత శ్రద్ధగా దాన్ని ఆపేశాడు. గుర్రుమనే చప్పుడు ఆగిపోయింది. హాయిగా నులక మంచం మీద నడుం వాల్చాడు.

లేచేసరికి మూడు దాటింది. కళ్లద్దాలు వెతుక్కుంటూ ముందుగదిలోకి వెళ్లాడు, కిటికీలో దొరికాయి. పెట్టుకుని తలెత్తితే ఎదురుగా చిట్టీ. ఇందాక కనపడనిది ఇప్పుడు కనపడింది. చిట్టీ కింది అంచు గాలికి పైకి మడత పడి ఉంది. వేలితో సాపు చేశాడు. చిన్న అక్షరాల్లో, నీలం పెన్నుతో, తారీఖు వేసి ఉంది. దాని పక్కన, “సోమవారం పొద్దుగాల పది గంటల దాక. బాపూ, నీ మాట ప్రకారం తారీఖు ఏసిన, సూడు.”

ఎల్లన్న గబగబా స్విచ్చు వేశాడు. తెర వెలిగి, తనకు తెలియని గుర్తుమాట ఏదో అడిగింది. ఏది నొక్కితే ఏమవుతుందోనని చేతులు వెనక్కి పెట్టుకుని నిలబడ్డాడు. ఆ తర్వాత చేసిన పని ఏమిటంటే, చిట్టీని పీకి, నాలుగు మడతలు పెట్టి, చొక్కా జేబులో వేసుకున్నాడు. ఎందుకు వేసుకున్నావని అడిగితే అతను కూడా చెప్పలేడు. నేనైతే చెప్పగలను. తప్పు చేసిన చెయ్యి ముందు కాగితాన్నే దాచిపెడుతుంది.

చీకటి పడేవేళకు ఆడవాళ్లిద్దరూ వచ్చారు. ప్రవళిక సంచీ కూడా దించకుండా కంప్యూటరు దగ్గరికి వెళ్లి, “అయ్యో!” అంది. నాలుగు మీటలు నొక్కింది. కుర్చీలో కూలబడింది. “పన్నెండున్నరకే ఆగిపోయింది. అంత మళ్ల మొదటికెల్లి చెయ్యాలె” అని, గడపలో నిలబడ్డ తండ్రి వైపు తిరిగింది. “కరెంట్ పోయిందా బాపూ?”

చూడండి, ఆ పిల్ల వేరే ఏం అడిగినా బాగుండేది. ఎవరు ఆపారని అడిగితే చెప్పేసేవాడేమో. అద్దాలు లేవు, చిట్టీ మడతపడిందని సంజాయిషీ కూడా ఉంది. ఒక గంట అరిచేది, రెండు రోజులు ముఖం ముడుచుకునేది, అయిపోయేది. కానీ జవాబును కూడా ఆమే చేతిలో పెట్టింది. కరెంటు ఎవరిదీ కాదు, దాని మీద నింద వేస్తే ఎవరికీ తగలదని ఎల్లన్నకు తోచింది.

“ఆఁ. ఓ ఐదు నిమిషాలు పోయింది” అన్నాడు.

ప్రవళిక ముఖం ఎర్రబడింది. “కరెంట్ పోతే మరి ఇన్వర్టర్ ఏం చేస్తుండె? గందుకే గదా పెట్టించుకున్నం! భూమేశన్న ఏం చెప్పిండు, కంప్యూటర్ రెప్ప కూడ కొట్టదన్నడు!”

ఇన్వర్టరు సంగతి ఎల్లన్న బుర్రలోకే రాలేదు. భూమేశ్ అదే వీధి పిల్లవాడు. పదేళ్లు వేరేవాళ్ల దగ్గర పని నేర్చుకుని, పోయినేడాదే బస్టాండు వెనక సందులో సొంత దుకాణం తెరిచాడు. ఫ్యాన్లు, మోటార్లు, ఇన్వర్టర్లు. అతని మొదటి ఇన్వర్టరు ఈ ఇంట్లోనే. బోణీ నీ చేత్తోనే కావాలి కాకా అని ఎల్లన్నతోనే స్విచ్చు వేయించుకున్నాడు. ఇప్పుడు నోరు తెరిచి చెప్పాలి. ఎల్లన్న నోరు తెరిచాడు కూడా. “చాయ్ పెట్టు” అని లింగవ్వకు చెప్పి పెరట్లోకి వెళ్లిపోయాడు.

మర్నాడు పొద్దున భూమేశ్ వచ్చాడు. ఇన్వర్టరు విప్పాడు, వైర్లు లాగి చూశాడు, మెయిన్ ఆపి చూశాడు. కంప్యూటరు ఆగలేదు.

“మిషన్ల తప్పు లేదు చెల్లె” అన్నాడు.

“తప్పు లేకుంటే నిన్న పన్నెండున్నరకు ఎట్ల బందయింది? కరెంట్ పోయిందని బాపు చూసిండు గదా!”

భూమేశ్ ఏదో అనబోయాడు. “పన్నెండున్నరకా?” అని మాత్రం అడిగి, తల తిప్పి ఎల్లన్న వైపు చూశాడు. ఒక్కసారే చూశాడు. ఎల్లన్న తన కాలివేళ్ల వైపు చూసుకున్నాడు. భూమేశ్ స్క్రూలు బిగించి, సామాను సంచీలో వేసుకుని వెళ్లిపోయాడు.

ప్రవళికకు ఆఫీసులో చివాట్లు పడ్డాయి. ఆ పని వేరేవాళ్లకు ఇచ్చేశారు. ఆ కోపంతో వీధి గ్రూపులో గొంతు రికార్డు చేసి పెట్టింది, భూమేశన్న ఇన్వర్టర్ నమ్ముకుంటే నా పని మునిగిందని. అబద్ధం చెప్పే పిల్ల కాదని అందరికీ తెలుసు కాబట్టి అందరూ నమ్మారు. ఇన్వర్టరు పెట్టించుకుంటామని చెప్పిన రెండు ఇళ్లవాళ్లు బోధన్ నుంచి తెప్పించుకున్నారు. మోటారు బాగుచేయించుకునేవాళ్లు కూడా వాడికి ఇవ్వాలా వద్దా అని నసగడం మొదలుపెట్టారు. ఇదంతా చాయ్ హోటల్లో ఎల్లన్న చెవిన పడుతూనే ఉంది. ఒకరోజు అక్కడి కిషన్‌లాల్ సేటు, “ఎల్లన్నా, ఆ హరనాథబాబు ముచ్చట చెప్పరాదు, మా అల్లుడు ఇనలేదంట” అన్నాడు. ఎల్లన్న చాయ్ సగంలోనే వదిలేశాడు. పనుందని లేచి వచ్చేశాడు. ఆ మనిషి ఆ కథ చెప్పకుండా లేచిపోవడం అక్కడ అదే మొదటిసారి.

సిగ్గుతో చచ్చిపోతున్నాడు. అవును, అదే మాట. పొద్దున లేస్తే సిగ్గు, చొక్కా తొడుక్కుంటే సిగ్గు. చిట్టీ జేబులోనే ఉంది. చొక్కా మార్చినప్పుడల్లా దాన్ని కూడా మార్చుకుంటున్నాడు, పారేయడానికి చెయ్యి రావడం లేదు. కూతురు గది దాటేటప్పుడు పిల్లిలా నడుస్తున్నాడు. ఒకరోజు ఆమె తిండికి లేచి వెళితే కంప్యూటరు మిణుకుమంటూ ఉంది. ఎల్లన్న దాని వంక చూడను కూడా చూడలేదు. “ఏంది బాపూ, ఇయ్యాల నిద్రవోయినదాన్ని ఏమంటలేవు?” అని ప్రవళిక వంటింట్లోంచి నవ్వింది. ఆ నవ్వు తిట్టుకన్నా గట్టిగా తగిలింది.

మూడు వారాలు గడిచాయి. కొత్త వడ్లు పట్టించిన బియ్యం ఇంటికొచ్చాయి. ఎల్లన్నకు ఒక ఆలోచన తట్టి, చాలా రోజుల తర్వాత కడుపు చల్లబడింది. ఒక బస్తా సైకిలు క్యారియరుకు కట్టుకుని బస్టాండు వెనక సందుకు వెళ్లాడు. దుకాణంలో భూమేశ్ ఒక్కడే కూర్చుని పాత టేబుల్ ఫ్యాను దుమ్ము తుడుస్తున్నాడు. తుడవడానికి కూడా అది ఒక్కటే ఉన్నట్టుంది.

“కూసో కాకా.”

ఎల్లన్న కూర్చోలేదు. బస్తా దించి గోడకు ఆనించాడు.

“ఏందిది?”

“కొత్త బియ్యం. పిల్లలు తింటరని గట్లనే తెచ్చిన.”

భూమేశ్ గుడ్డ పక్కన పెట్టాడు. “కాకా, గా ఆదివారం పొద్దంత నేను గీడ్నే మోటార్ కడుతుంటి. మన వీధి, నా దుకాణం ఒక్కటే లైను. కరెంట్ పోలే” అన్నాడు. గొంతు పెంచలేదు. “ఆ దినమే చెల్లెకు చెప్పేటోన్ని. నీ మొకం చూసి ఆగిన. పెద్దమనిషివి, నువ్వే చెప్తవ్ అనుకున్న. దినాం చూస్తున్న.”

ఎల్లన్న బస్తా మూతి కట్టును సర్దుతూ ఉండిపోయాడు.

“తీస్కపో కాకా. నాకు బియ్యం అద్దు...” అని భూమేశ్ అక్కడే ఆపేశాడు.

మిగిలిన సగం ఎల్లన్నదే. ఈ బల్ల మీదే కూర్చుని, ఈ పిల్లవాడికే, పదిసార్లు చెప్పి ఉంటాడు. చెప్పిన ప్రతిసారీ భూమేశ్ చేతిలో పని ఆపి మరీ విన్నాడు. ఎల్లన్న బస్తాను మళ్లీ క్యారియరు మీదికి ఎత్తుకున్నాడు. దారిలో ఇద్దరు ముగ్గురు, “ఎటు ఎల్లన్నా బియ్యం?” అని పలకరించారు. సైకిలు ఎక్కలేదు, నడిపించుకుంటూనే ఇంటికొచ్చాడు.

వాకిట్లో లింగవ్వ చాటలో పప్పు చెరుగుతోంది. “మల్ల తెచ్చినవేంది?”

“తీస్కోలే.”

“ఎందుకు తీస్కోడు? ఏమన్నడు?”

ఎల్లన్న అరుగు మీద కూలబడ్డాడు. లింగవ్వ బస్తాను చూసింది, మొగుడి ముఖాన్ని చూసింది. నలభై ఏళ్లుగా చూస్తున్న ముఖం. ఆమె చేతిలో చాట ఆగిపోయింది.

“నువ్వన్న మాటనే అన్నడా?”

ఎల్లన్న తల ఊపాడు.

“అంటే కరెంట్ పోలే” అంది లింగవ్వ నెమ్మదిగా. ఆ తర్వాత ఆమె అన్నది ఎల్లన్న చచ్చేదాకా మరిచిపోడు. “ఆ పొద్దు నేను కడుపుతోని ఉన్న. బస్త వాకిట్ల దిగంగనే పొయ్యి ముట్టిద్దామని లేసిన. నువ్వు తిప్పి పంపినవ్. జొన్న గటుక తాగి పండుకున్న, ఒక్క మాట అనలే. నా మొగనికి బియ్యం కన్న మాట ఎక్కువ అనుకున్న. గా కథ ఊరంత చెప్పుకున్నవ్ గదా, దాంట్ల నా ఆకలి గూడ ఉన్నది.”

లోపలినుంచి ప్రవళిక గడపలోకి వచ్చి నిలబడింది. ఎంతవరకు విన్నదో తెలియదు. ఎల్లన్న జేబులోంచి చిట్టీ తీశాడు. మడతల దగ్గర చిరిగిపోవడానికి వచ్చింది. కూతురి చేతిలో పెట్టాడు.

“కరెంట్ పోలే బిడ్డా. నేనే బంద్ చేసిన. తారీఖు కింద ఉండె, నేను చూడలే. చూడకపోవుడు చిన్న తప్పు. నువ్వు అడిగినప్పుడు అబద్దమాడిన.”

ప్రవళిక చిట్టీ విప్పి తన రాతే చదువుకుంది. అరుస్తుందేమోనని ఎల్లన్న ఎదురుచూశాడు. అరిస్తే బాగుండునని కూడా అనుకున్నాడు. ఆ పిల్ల కళ్లలో నీళ్లు తిరిగాయి. “భూమేశన్నను ఎన్ని మాటలన్న బాపూ” అంది. “అందరికి ఇనపడేటట్టు అన్న.”

“అందరికి ఇనపడేటట్టే చెప్త. తెరువు గా గ్రూపు.”

కంప్యూటరు ముందు కూతురి కుర్చీలో ఎల్లన్న మొదటిసారి కూర్చున్నాడు. నువ్వు చెప్పు, నేను కొడతానంది ప్రవళిక. ఒప్పుకోలేదు. కళ్లద్దాలు పెట్టుకుని, ఒక్క వేలితో, ఒక్కో అక్షరం వెతుక్కుంటూ కొట్టాడు. మధ్యలో తెర రెండుసార్లు నిద్రపోయింది, ప్రవళిక రెండుసార్లు లేపింది. మూడు వాక్యాలకు గంట పట్టింది. “ఆ ఆదివారం మా ఇంట్ల కరెంట్ పోలేదు. కంప్యూటర్ బంద్ చేసింది నేను. భూమేశ్ మిషన్ మంచిది, నేను చెప్పింది అబద్ధం. ఎల్లన్న, లష్కర్.” చివర తారీఖు వేశాడు. పంపాలంటే ఏది నొక్కాలో అడిగి తనే నొక్కాడు.

గుర్తులు రావడం మొదలైంది. కొందరు చేతులు జోడించిన బొమ్మలు పెట్టారు. ఎవరో నోటి మీద చెయ్యి పెట్టుకున్న బొమ్మ పెట్టారు. రేపు చాయ్ హోటల్లో ఏ ముఖంతో కూర్చోవాలా అని ఎల్లన్న ఆలోచిస్తున్నాడు. హరనాథబాబు గుర్తొచ్చాడు. ఆ పొద్దు గట్టు మీద ఆయన కూడా నోరు తెరవబోయి ఉంటాడు, ఏదో అడ్డం పడి ఉంటుంది. ఇరవై ఏడేళ్లలో ఈ సంగతి తనకు తట్టలేదు. ఆయన ఆ ఒక్క మాట అని ఉంటే ఆ బియ్యం లింగవ్వతో వండించుకుని తినేవాడే.

“బాపూ, భూమేశన్న” అంది ప్రవళిక. గ్రూపులో కాదు, ఆమె ఫోనుకు విడిగా వచ్చింది. పైకి చదివింది.

“కాకకు చెప్పు చెల్లె, ఇగ బియ్యం తెమ్మను.”

వాకిట్లోంచి విన్న లింగవ్వ గట్టిగా నవ్వింది. ఎల్లన్నకు నవ్వు రాలేదు. కండువాతో ముఖం తుడుచుకుని లేచాడు. అలవాటుగా గోడ స్విచ్చు మీదికి చెయ్యి పోయింది. ఆగి, కూతురిని అడిగాడు.

“దీన్ని బంద్ చెయ్యాల్నా, ఉంచాల్నా?”

“ఉంచు బాపూ, నాకు పనుంది” అంది ప్రవళిక.

ఎల్లన్న చెయ్యి దించుకుని, వాకిట్లోకి వెళ్లి బస్తాను సైకిలుకు కట్టుకోవడం మొదలుపెట్టాడు.